మాట వచ్చేదాకా

వెయ్యి మంది శిశువులు పుడితే వారిలో ఒకరి నుంచి ముగ్గురికి శాశ్వత వినికిడి లోపం ఉంటుందని వైద్యుల అంచనా. చికిత్సో, పరికరమో, శిక్షణో తప్పనిసరి అయ్యేంతగా వినికిడి దెబ్బతిన్న పిల్లలు ప్రపంచంలో 3 కోట్ల 40 లక్షల మంది ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో అన్ని వయసులవారినీ కలుపుకొని వినికిడి వైకల్యం ఉన్నవారు 50 లక్షలకు పైనే అని 2011 జనగణన తేల్చింది. వినికిడి లోపం ఉన్న పిల్లల కోసం ఖర్చయ్యే డబ్బు మూడు దారుల్లో వస్తుంది. ప్రభుత్వ పథకాలు ఒకటి, తల్లిదండ్రుల సంపాదన మరొకటి, సమాజం ఇచ్చే చందా మూడోది. పథకం డబ్బు పెద్ద మొత్తంలో ఒకేసారి వస్తుంది. ఇంటి డబ్బు చిన్న చిన్న మొత్తాల్లో ఏళ్ల తరబడి కరిగిపోతూ ఉంటుంది. చందా డబ్బు మాత్రం ఎక్కువగా పథకం వెంటే నడుస్తోంది. యంత్రాలు పంచే శిబిరాలకు, ఆపరేషన్లకు దాతలు సులువుగా దొరుకుతారు. ఆపరేషన్ అయ్యాక వచ్చే నాలుగైదేళ్లకు దొరకడం కష్టం. బిడ్డకు మాట వచ్చేది ఆ ఏళ్లలోనే.

మెదడుకు గడువుంది

గర్భంలో ఆరో నెల దాటేసరికే శిశువు శబ్దాలకు స్పందించడం మొదలుపెడుతుంది. అమ్మ గొంతు, ఆమె మాటల ఎత్తుపల్లాలు పుట్టకముందే పరిచయం అవుతాయి. పుట్టాక ఏడాది పాటు బిడ్డ వింటూనే ఉంటుంది. లాలిపాటలు, పక్కింటివాళ్ల పలకరింపులు, వంటింట్లో పోపు చిటపటలు, అన్నీ మెదడులోకి చేరుతూ ఉంటాయి. మొదటి ఏడాది చివర్లో వచ్చే ఆ ఒక్క 'అత్త', 'తాత' వెనక అంత వినికిడి ఉంది. చెవి పనిచేయని బిడ్డకు ఈ ఏడాదంతా ఖాళీగా గడుస్తుంది. శబ్దం అందని మెదడు భాగం ఊరికే ఉండదు, చూపు వంటి వేరే పనులకు మళ్లిపోతుంది. తొలి మూడేళ్లు దాటేకొద్దీ దాన్ని మళ్లీ శబ్దానికి మళ్లించడం కష్టమవుతూ వస్తుంది.

ఈ సంగతి ఎంత ముఖ్యమో 1998లో వెలువడిన ఒక అధ్యయనం స్పష్టం చేసింది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో, ఆమె సహచరులు వినికిడి లోపం ఉన్న పిల్లల భాషను పరిశీలించారు. లోపాన్ని ఆరు నెలల లోపే గుర్తించి సాయం మొదలుపెట్టిన పిల్లలు, ఆలస్యంగా గుర్తించిన పిల్లల కన్నా భాషలో ఎంతో ముందున్నారు. వైద్యలోకం పాటించే 1-3-6 సూత్రానికి ఇలాంటి పరిశోధనలే బలమిచ్చాయి. నెల లోపు వినికిడి పరీక్ష, మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు పరికరం, శిక్షణ అన్నది ఆ సూత్రం.

తెలుగు ఊళ్లలో ఈ గడువు దాటిపోవడానికి కారణం నిర్లక్ష్యం అనలేం. వినికిడి లేని పసిబిడ్డ చూపులకు చురుగ్గానే ఉంటుంది. నవ్వుతుంది, చూసి గుర్తుపడుతుంది. పళ్లెం కింద పడితే నేల అదురుకు తల తిప్పుతుంది. ఆ కదలికను చూసి ఇంట్లోవాళ్లు వినపడుతోందనే అనుకుంటారు. ఏడాదిన్నర దాటినా మాట రాకపోతే, ఈ ఇంట్లో మగపిల్లలకు మాటలు ఆలస్యమేనని పెద్దలు ధైర్యం చెబుతారు. వసకొమ్ము అరగదీసి నాకిస్తారు. దేవుడికి మొక్కుకుంటారు. పెద్దాసుపత్రిలో బేరా అనే వినికిడి పరీక్ష చేయించే నాటికి బిడ్డకు రెండో ఏడో, మూడో ఏడో వచ్చేస్తుంది. ఇందులో తల్లిదండ్రుల తప్పు వెతకడం అన్యాయం. పుట్టిన ఆసుపత్రిలోనే పరీక్ష జరిగి ఉంటే వాళ్లు అన్నేళ్లు ఊహల మీద ఆధారపడాల్సిన అవసరం ఉండేది కాదు.

ఆ పరీక్ష పెద్ద పనేమీ కాదు. ఓఏఈ అనే పరీక్షలో నిద్రపోతున్న శిశువు చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి మెల్లని శబ్దం పంపుతారు. ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి దానికి అతి సన్నని ప్రతిధ్వని ఇస్తుంది. ఆ ప్రతిధ్వని రాకపోతే తలకు ఎలక్ట్రోడ్లు అతికించి మెదడు దాకా సంకేతం వెళ్తోందో లేదో బేరాలో చూస్తారు. ఓఏఈకి పట్టేది కొన్ని నిమిషాలే, సూది కూడా గుచ్చరు.

పథకం ఎక్కడ ఆగుతుంది

ప్రభుత్వాలు ఈ రంగంలో చేసింది తక్కువేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, చిన్న పిల్లల లోపలి చెవిలో పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సను, ఆ తర్వాతి శిక్షణను తన పరిధిలోకి తెచ్చింది. ఒక్కో బిడ్డకు 6 లక్షల 50 వేల రూపాయల వరకు భరించింది. కూలి పని చేసుకునే ఇంటి బిడ్డకు విదేశీ ఇంప్లాంట్ అందుతుందని అంతకు ముందు ఎవరూ ఊహించలేదు. కేంద్రం 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించి, పుట్టుకతో వచ్చే చెవుడును గుర్తించాల్సిన లోపాల జాబితాలో చేర్చింది. వికలాంగులకు పరికరాలు ఇచ్చే అడిప్ పథకాన్ని 2014లో సవరించి, కాక్లియర్ ఇంప్లాంట్‌కు 6 లక్షల రూపాయల వరకు సాయం చేర్చింది. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఈ పనికి కేంద్రంగా ఉంది. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఒకటి సికింద్రాబాద్‌లో ఉంది. విశాఖపట్నంలోని నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లాబొరేటరీ, అబ్దుల్ కలాం ప్రోత్సాహంతో విదేశీ పరికరం ధరలో కొద్ది భాగానికే దేశీయ ఇంప్లాంట్ తయారు చేయాలని పూనుకుంది. జలాంతర్గాముల కోసం శబ్దశాస్త్రంలో ఆరితేరిన శాస్త్రవేత్తలు పసిపిల్లల చెవి మీద పనిచేయడం తెలుగు నేల మీద జరిగిన మంచి ప్రయత్నాల్లో ఒకటి.

ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికి వచ్చిన బిడ్డకు ఇంకా ఏమీ వినపడదు. గాయం మానాక, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత, చెవి వెనక ప్రాసెసర్ పెట్టి 'స్విచ్ ఆన్' చేస్తారు. మైక్రోఫోన్ పట్టిన శబ్దాన్ని ప్రాసెసర్ సంకేతాలుగా మారుస్తుంది. అయస్కాంతంతో తలకు అంటుకున్న కాయిల్ వాటిని చర్మం కింది భాగానికి పంపుతుంది. లోపలి చెవిలోని కాక్లియాలో అమర్చిన సన్నని ఎలక్ట్రోడ్లు శ్రవణ నాడిని ప్రేరేపిస్తాయి. ఆ క్షణంలో చాలామంది పిల్లలు బెదిరి ఏడుస్తారు. వాళ్లకు అప్పుడు అందేది మాట కాదు, అర్థం తెలియని అలజడి. మూడేళ్ల బిడ్డకు ఆ రోజున 'వినికిడి వయసు' సున్నా. ఒక్కో ఎలక్ట్రోడ్‌కు ఎంత విద్యుత్తు సరిపోతుందో చూసి సరిచేసే 'మ్యాపింగ్' కోసం మళ్లీ మళ్లీ ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి.

తర్వాత మొదలయ్యేది ఆడిటరీ వెర్బల్ థెరపీ. దీన్ని పట్టణాల్లో ఏవీటీ అంటారు, తల్లులంతా 'థెరపీ' అంటారు. ముందుగా శబ్దం ఉందా లేదా అన్నది, తర్వాత ఏ శబ్దం అన్నది, తర్వాత అది ఏ మాట అన్నది, చివరికి ఆ మాటకు అర్థమేమిటన్నది బిడ్డకు అలవాటు చేయాలి. రోజూ పొద్దున పరికరం పెట్టగానే తల్లి తన నోరు కనిపించకుండా 'ఆ', 'ఊ', 'ఈ', 'ష్', 'స్', 'మ్' అని ఆరు ధ్వనులు పలుకుతుంది. డేనియల్ లింగ్ రూపొందించిన పరీక్ష ఇది. మాటల్లోని సన్న స్వరాలు, బండ స్వరాలు అన్నీ ఈ ఆరింటి పరిధిలోకి వస్తాయి. నిన్న పట్టిన 'స్' ఇవాళ బిడ్డకు అందలేదంటే మైక్ పాడై ఉండవచ్చు, వైరు తెగి ఉండవచ్చు, మ్యాప్ మార్చాల్సి ఉండవచ్చు. వారానికి ఒకటి రెండుసార్లు థెరపిస్ట్ దగ్గర గంట సేపు కూర్చున్నా, అసలు పని ఇంట్లో తల్లే చేయాలి. అన్నం కలుపుతూ, బట్టలు మడతపెడుతూ, బిడ్డ ఎదుట ఆగకుండా మాట్లాడాలి. ఆపరేషన్‌కు పట్టేది రెండు మూడు గంటలు. ఈ పనికి పట్టేది మూడు నాలుగేళ్లు, ఒక్కోసారి అంతకు ఎక్కువ. పథకాలు థెరపీకి ఇచ్చే డబ్బు అంత దూరం రాదు.

ఆ ఏళ్లలో అయ్యే ఖర్చులు ఏ వేదిక మీదా చెప్పుకునేంత పెద్దవి కావు. వాడి పారేసే బ్యాటరీలు కొద్ది రోజులకే అయిపోతాయి. రీచార్జి బ్యాటరీ కొన్నేళ్లకు బలం కోల్పోతుంది. కాయిల్ వైరు పిల్లల ఆటల్లో తెగిపోతుంది. కోస్తా జిల్లాల ఉక్కపోతలో చెమట, తేమ ప్రాసెసర్ లోపలికి చేరతాయి. దాన్ని రాత్రిపూట ఆరబెట్టే డబ్బా కూడా కొనుక్కోవాలి. థెరపీ కేంద్రం జిల్లా కేంద్రంలోనో, హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనో ఉంటుంది. తల్లి బిడ్డను తీసుకుని బస్సెక్కిన రోజున ఆమె కూలి పోతుంది. వారంటీ ముగిశాక ప్రాసెసరే పాడైతే కొత్తదానికి లక్షలు కావాలి. ఆ లక్షలు లేని ఇంట్లో పరికరం అలమరలోకి వెళ్తుంది, నాలుగు మాటలు నేర్చిన బిడ్డ మళ్లీ నిశ్శబ్దంలోకి వెళ్తుంది. ప్రభుత్వం ఆరున్నర లక్షలు ఖర్చుపెట్టిన చెవి, కొన్ని వేల రూపాయల వైరు లేక మూసుకుపోవడం కన్నా దుబారా ఇంకొకటి లేదు. సమాజం నింపాల్సిన ఖాళీ సరిగ్గా ఇక్కడే ఉంది.

వినికిడి యంత్రాల సంగతీ ఇంతే. తీవ్రత తక్కువ ఉన్న పిల్లలకు ఇంప్లాంట్ అవసరం ఉండదు, మంచి డిజిటల్ యంత్రం చాలు. అయితే ఆ యంత్రం బిడ్డ వినికిడి గ్రాఫుకు తగ్గట్టు సరిచేసి ఉండాలి, చెవిలో పెట్టే మౌల్డ్ చెవికి సరిగ్గా అమరాలి. పిల్లల చెవులు పెరుగుతూ ఉంటాయి కాబట్టి మౌల్డ్‌ను తరచూ మార్చాలి. శిబిరంలో వరసలో నిలబెట్టి ఇచ్చిన యంత్రం ఈల వేస్తుంది, చెవి నొప్పి పుడుతుంది, వారం తిరక్కుండానే బిడ్డ దాన్ని విసిరేస్తుంది. దాత లెక్కల్లో మాత్రం ఒక యంత్రం ఇచ్చినట్లే ఉంటుంది.

చందాల చరిత్ర

బధిర పిల్లల చదువు లోకంలో దాదాపు ప్రతిచోటా చందాలతోనే మొదలైంది. 18వ శతాబ్దం మధ్యలో పారిస్‌లో అబ్బే ద లెపె అనే మతాచార్యుడు తన సొంత ఆస్తితో బధిర పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాడు, తన సంజ్ఞా పద్ధతిని నేర్చుకోవడానికి వచ్చిన వారందరికీ నేర్పాడు. అదే కాలంలో బ్రిటన్‌లో బ్రెయిడ్‌వుడ్ కుటుంబం తమ పద్ధతిని రహస్యంగా ఉంచుకుని, డబ్బున్న ఇళ్ల పిల్లలకే నేర్పింది. పేద పిల్లల కోసం 1792లో లండన్‌లో చందాల మీద ఒక ఆశ్రమ పాఠశాల వెలిసింది. సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ కావడంతో అక్కడ ఎవరిని చేర్చుకోవాలో చందాదారులు ఓట్లు వేసి తేల్చేవారు. ఓట్లు పడని బిడ్డ మరో ఎన్నిక దాకా ఆగాల్సిందే.

ఆ ఓట్ల పద్ధతి పోయి చాలాకాలమైంది కానీ దాని నీడ పూర్తిగా పోలేదు. ఇవాళ ఆన్‌లైన్‌లో ఒక్కో బిడ్డ ఫొటో పెట్టి, ఇంటి కష్టం వివరించి ఆపరేషన్‌కు డబ్బు అడుగుతున్నారు. అలా కొందరు పిల్లలకు నిజంగానే మేలు జరిగింది, డబ్బు ఇచ్చినవారి మంచితనాన్ని శంకించాల్సిన పని లేదు. అయినా, ముద్దుగా కనిపించే బిడ్డకు, కథ బాగా చెప్పగలిగిన కుటుంబానికి ముందుగా డబ్బు చేరుతుంది. ఆ ఫొటో ఏళ్ల తరబడి ఇంటర్నెట్‌లో ఉండిపోతుంది. పెద్దయ్యాక ఆ బిడ్డ దాన్ని చూస్తుంది. పైగా అలా వచ్చిన డబ్బు ఆపరేషన్‌తో అయిపోతుంది. రెండేళ్ల తర్వాత వైరు తెగిందని మరో ఫొటో పెడితే స్పందించే వాళ్లు తక్కువ. పిల్లలు ఒకరితో ఒకరు పోటీ పడి సంపాదించుకోవాల్సిన సాయం సరైన సాయం కాదు. అందరికీ కలిపి ఒక నిధి ఉండి, ఎవరికి ఎంత అవసరమో ఆడియాలజిస్టులు, టీచర్లు, తల్లిదండ్రులు కూర్చుని తేల్చే పద్ధతే మేలు.

అమెరికా చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో మేసన్ కాగ్స్‌వెల్ అనే వైద్యుడి కూతురు ఆలిస్‌కు పసితనంలోనే జ్వరంతో వినికిడి పోయింది. ఆయన తన కూతురికి మాత్రమే టీచరును పెట్టుకోగల స్తోమత ఉన్నవాడు. అలా చేయకుండా ఊరి పెద్దలను కూడగట్టాడు. 1815లో వాళ్లంతా చందాలు వేసుకుని థామస్ గాలాడెట్ అనే యువకుణ్ని బోధన పద్ధతులు నేర్చుకు రమ్మని యూరప్ పంపారు. బ్రెయిడ్‌వుడ్ వంశీకులు తమ విద్యను పంచడానికి షరతులు పెట్టారు. పారిస్ పాఠశాల తలుపులు తెరిచింది. అక్కడి బధిర ఉపాధ్యాయుడు లారెంట్ క్లర్క్‌ను వెంటబెట్టుకుని గాలాడెట్ తిరిగి వచ్చాడు. 1816లో కనెటికట్ శాసనసభ 5 వేల డాలర్లు మంజూరు చేసింది. 1817 ఏప్రిల్‌లో పాఠశాల మొదలైంది. 1819లో అమెరికా కాంగ్రెస్ దానికి అలబామాలో వేల ఎకరాల భూమి ఇచ్చింది. ముందు ఊరి చందా, దాని వెనక రాష్ట్రం డబ్బు, ఆ తర్వాత దేశం డబ్బు. మంచి చందా ప్రభుత్వాన్ని తన వెంట లాక్కువస్తుందని ఈ వరస చూపిస్తోంది.

కాక్లియర్ ఇంప్లాంట్ పుట్టుకలోనూ చందా చేయి ఉంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో గ్రేమ్ క్లార్క్ అనే చెవి వైద్యుడు 1970లలో అనేక ఎలక్ట్రోడ్లున్న ఇంప్లాంట్ కోసం పరిశోధన చేస్తున్నప్పుడు, అది జరిగే పని కాదని చాలామంది శాస్త్రవేత్తలు కొట్టిపారేశారు. నిధులు సరిపోలేదు. క్లార్క్ తండ్రికీ వినికిడి లోపమే. పట్టు విడవకుండా ఆయన సేవా క్లబ్బుల చుట్టూ తిరిగి డబ్బు కూడబెట్టాడు. అక్కడి ఒక టీవీ ఛానల్ ప్రసారంలోనే ప్రజలను విరాళాలు అడిగే టెలిథాన్ నిర్వహించి పరిశోధనకు డబ్బు సమకూర్చింది. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో ఆయన ఇంప్లాంట్‌ను మొదటిసారి ఒక మనిషికి అమర్చారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం, పరిశ్రమ పెద్ద ఎత్తున ముందుకు వచ్చింది ఆ తర్వాతే. ఇవాళ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో బిడ్డకు అమర్చే పరికరం వెనక ఎక్కడో మెల్‌బోర్న్ గృహిణులు, విద్యార్థులు ఇచ్చిన చిల్లర డబ్బులున్నాయి.

తిరుపతి, చెన్నై

తెలుగువారి చందాల్లో అన్నిటికన్నా పెద్దది హుండీ. తిరుమల శ్రీవారికి భక్తులు సమర్పించే కానుకల నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలో బధిర పాఠశాల నడుపుతోంది. దానితో పాటు 'శ్రవణం' పేరుతో పసిపిల్లల కోసం ప్రత్యేక కేంద్రం నిర్వహిస్తోంది. బడి ఈడు రాని పిల్లలు తల్లులతో కలిసి అక్కడ ఉండి శిక్షణ పొందుతారు. బిడ్డకు యంత్రం ఇచ్చి పంపేయకుండా తల్లిని కూడా చేర్చుకోవడం, ఆమెకూ నేర్పడం ఈ కేంద్రంలోని గొప్పదనం. తల్లీబిడ్డలకు బస, భోజనం దొరికితే ఊరికీ నగరానికీ మధ్య తిరిగే ఖర్చు, పోయే కూలి అనే రెండు అడ్డంకులు ఒకేసారి తొలగిపోతాయి. చందా డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ ఫలితమిస్తుందో చూడాలనుకునేవారు ముందుగా చూడవలసింది ఈ నమూనానే.

చెన్నైలోని బాల విద్యాలయ కూడా ఇదే దారిలో నడిచింది. 1969లో మొదలైన ఈ బడి పసిపిల్లలకే పరిమితం. ఫీజు తీసుకోకుండా దాతల సాయంతో నడుస్తోంది. ఇక్కడా తల్లో, తండ్రో, బామ్మో బిడ్డతో పాటు తరగతిలో కూర్చోవాలి. అయిదేళ్లు వచ్చేసరికి పిల్లలను ఇంటి పక్కనున్న మామూలు బడిలో చేర్పించడమే లక్ష్యం. హైదరాబాద్, సికింద్రాబాద్‌ల్లో 1977లో మొదలైన స్వీకార్, 1996లో మొదలైన ఆశ్రయ్ ఆకృతి వంటి స్వచ్ఛంద సంస్థలు పెరగడం వెనకా దాతల చేయూత ఉంది.

థెరపీతో అందరు పిల్లలకూ మాట రాదన్నది కూడా దాతలు గుర్తుంచుకోవాలి. ఆలస్యంగా గుర్తించిన పిల్లలు, శ్రవణ నాడి సరిగా లేని పిల్లలు, పరికరం పనిచేయని పిల్లలు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు సంజ్ఞా భాష పూర్తిస్థాయి భాష. దాన్ని చిన్నప్పటి నుంచీ అందిస్తే ఆలోచన, చదువు ఆగవు. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ బడుల నుంచి సంజ్ఞలను వెలివేయాలని తీర్మానించింది. దానివల్ల లోకంలో అనేక తరాల బధిర పిల్లలు నోటి మాటా రాక, చేతి మాటా అందక నలిగిపోయారు. మన దేశంలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఏర్పడింది. అది తయారుచేసిన నిఘంటువులో 2021 నాటికి 10 వేల పదాలు చేరాయి. అయితే బిడ్డ ఒక్కడూ సంజ్ఞలు నేర్చుకుంటే చాలదు. అమ్మ, నాన్న, అక్క, బాబాయి కూడా నేర్చుకోవాలి. ఊళ్లో వారానికో సాయంత్రం ఒక బధిర యువతికో, యువకుడికో గౌరవ వేతనం ఇచ్చి కుటుంబాలకు సంజ్ఞలు నేర్పించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. పథకాల్లో దానికి పద్దు లేదు కాబట్టి చందాయే దానికి దిక్కు.

మూడు వందల రూపాయల లెక్క

మండల స్థాయిలో భవిత కేంద్రాలు తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే ఈ కేంద్రాల్లో ఐఈఆర్‌పీలనే ప్రత్యేక టీచర్లు పనిచేస్తారు. వినికిడి లోపం ఉన్న పిల్లలతో నిత్యం పనిచేసే స్పీచ్ థెరపిస్ట్ మాత్రం చాలాచోట్ల అందుబాటులో ఉండరు. గది ఉంది, టీచర్ ఉన్నారు, పిల్లల జాబితా ఉంది. కొత్త భవనం కట్టాల్సిన పని లేకుండా చందా డబ్బు నేరుగా పనిలోకి దిగగల చోటు ఇది.

ఒక ఉజ్జాయింపు లెక్క చూద్దాం. రెండు మూడు మండలాలు కలిపి 20 మంది పిల్లలున్నారని అనుకుందాం. 200 కుటుంబాలు నెలకు 300 రూపాయలు ఇస్తే 60 వేలు వస్తాయి. అందులో స్పీచ్ థెరపిస్ట్ జీతానికి 30 వేలు తీయవచ్చు. వారానికి రెండుసార్లు వచ్చే 20 మంది తల్లులకు ఒక్కో రాకకు 100 రూపాయల చొప్పున రానుపోను ఖర్చు ఇస్తే 16 వేలు. మిగిలిన 14 వేలు బ్యాటరీలకు, వైర్లకు, మౌల్డ్‌లకు, ఒక ప్రాసెసర్ మరమ్మతుకు వెళ్లినప్పుడు తాత్కాలికంగా ఇచ్చే అద్దె పరికరాల నిధికి. ఏడాదికి మొత్తం 7 లక్షల 20 వేలు. ఒక్క బిడ్డ ఇంప్లాంట్‌కు ఆరోగ్యశ్రీ ఇచ్చిన పరిమితి కన్నా కాస్త ఎక్కువ. ఆ డబ్బుతో 20 మంది పిల్లల పరికరాలు ఏడాది పొడవునా పనిచేస్తాయి.

ఈ నిధికి కావలసింది పెద్ద దాత కన్నా నిలకడైన దాతలు. నాలుగో నెలలో చందా ఆగితే థెరపిస్ట్ వెళ్లిపోతారు, పిల్లలు నేర్చినదాంట్లో సగం మరిచిపోతారు. కనీసం నాలుగేళ్ల మాట ఇచ్చిన వంద రూపాయలు, ఒక్కసారి ఇచ్చిన పది వేల కన్నా ఈ పనికి ఎక్కువ విలువైనవి. లెక్కలు కూడా మారాలి. ఎన్ని యంత్రాలు పంచారన్నది నిధి నివేదికలో మొదటి వరసలో ఉండకూడదు. ఎంతమంది పిల్లలు రోజంతా పరికరం పెట్టుకుంటున్నారు, ఎన్ని ప్రాసెసర్లు పాడై ఎన్ని రోజుల్లో బాగయ్యాయి, ఎంతమంది బడిలో చేరారు అన్నవి ఉండాలి. నిర్వహణ కమిటీలో తల్లులకూ, బధిరులైన పెద్దలకూ చోటు లేని నిధి అవసరాలను తప్పుగా అంచనా వేస్తుంది.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ఇందుకు ఉపయోగపడతాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్ల రూపాయలు దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చుపెట్టాలి. వైకల్యం ఉన్న పిల్లల ప్రత్యేక విద్య ఆ జాబితాలో ఉంది. ఏళ్ల తరబడి సాగే ప్రాజెక్టుకు నిబంధనలు ఇచ్చే గడువు, మొదలైన ఏడాది కాక మరో మూడేళ్లు. పసిబిడ్డకు మాట నేర్పడానికి పట్టే కాలం దాదాపు అంతే. అయినా ఏడాది చివర్లో మార్చి నెల హడావుడిలో యంత్రాలు కొని పంచే ధోరణి ఆగడం లేదు. మూడేళ్ల జీతాల ఒప్పందం మీద సంతకం చేసిన కంపెనీ, మూడు వందల యంత్రాలు పంచిన కంపెనీ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

విదేశాల్లోని తెలుగువారికి ఒక జాగ్రత్త అవసరం. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపే విరాళాన్ని చట్టం విదేశీ విరాళంగా చూడదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. దాన్ని పుచ్చుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద నమోదు ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాకే చేరాలి. సొంతూరి మీద ప్రేమతో పంపిన డబ్బు చిన్న సంస్థను చిక్కుల్లో పడేయకుండా పంపేముందే ఈ సంగతి కనుక్కోవాలి.

చందాతో అన్నిటికన్నా చవకగా అయ్యే పని నివారణ. పిల్లల్లో వినికిడి లోపానికి దారితీసే కారణాల్లో దాదాపు 60 శాతం నివారించదగ్గవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గర్భిణికి సోకే రుబెల్లా బిడ్డ చెవిని దెబ్బతీస్తుంది. తట్టు, రుబెల్లా టీకా ఉద్యమం తెలుగు రాష్ట్రాలకు 2017లో వచ్చింది. ముదిరిన పసికామెర్లు, నెలలు నిండని కాన్పు, మెదడువాపు జ్వరాలు, కొన్ని రకాల ఇంజెక్షన్లు, ఏళ్లపాటు చీము కారే చెవి కూడా కారణాలే. చెవిలో కాచిన నూనె పోసే అలవాటు ఇంకా పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధాల్లోనే జరుగుతున్నాయి. మేనరికాల్లో జన్యుపరమైన చెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఒక ఏరియా ఆసుపత్రి ప్రసూతి వార్డుకు ఓఏఈ యంత్రం కొనిచ్చి, దాన్ని నడిపే మనిషి జీతం భరిస్తే అక్కడ పుట్టే ప్రతి బిడ్డకూ తొలి వారంలోనే పరీక్ష జరుగుతుంది. రెండేళ్ల ఆలస్యం నెల రోజులకు తగ్గిపోతుంది.

పుట్టినరోజుకో, పెద్దల పేరు మీదో ఒక పూట అన్నదానం చేసే ఇళ్లు మన దగ్గర లక్షల్లో ఉన్నాయి. ఆ ఇళ్లవారు ఒకసారి తమ మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లాలి. వినికిడి పరికరాలున్న పిల్లలు ఎంతమందో, వాటిలో ఎన్ని ఈ వారం పనిచేస్తున్నాయో, ఎన్ని బ్యాటరీ లేకనో, వైరు లేకనో మూలపడ్డాయో టీచరును అడగాలి. ఆ మూలపడ్డ పరికరాలతోనే చందా మొదలుపెట్టి, నెలనెలా ఆగకుండా ఇవ్వాలి.